కుచ్చిళ్లు ముందుకొచ్చాయి

మీతో చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నాలుగు పుస్తకాలు తిరగేయగానే ఇక మనకు తెలియనిది లేదనిపించడం మీకూ ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. నాకు స్కాట్లండ్‌లో, ఆఫీసులో తోటివాడి పెళ్లిలో జరిగింది.

పెళ్లికని కిల్టు, అంటే అక్కడి మగవాళ్లు నడుముకు కట్టుకునే కుచ్చిళ్ల బట్ట, అద్దెకు తెచ్చుకున్నాను. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు కలిసిన గళ్లు, బ్లాక్ వాచ్ పటాలం బట్ట. వారం రోజులపాటు కనిపించినవాడికల్లా పాఠం చెప్పాను. 1739లో ఆ పటాలం ఏర్పడడం, కలోడెన్ యుద్ధం తర్వాత 1746లో కిల్టును నిషేధిస్తూ వచ్చిన చట్టం, అన్నీ. వాళ్ల చరిత్ర వాళ్లకే!

కట్టుకోవడం మాత్రం ఎవరినీ అడగలేదు. పంచెకట్టు ఇంట్లో పుట్టినవాణ్ని, కుచ్చిళ్ల సంగతి నాకొకరు నేర్పాలా? తాతయ్యలాగే మడతలన్నీ ముందుకు తెచ్చుకుని, పైన తోలుసంచి వేలాడదీసి, ఛాతీ విరుచుకుని హాల్లోకి నడిచాను. పిల్లలు నవ్వారు, ముచ్చటపడుతున్నారనుకున్నాను. ఫోన్లు లేచాయి, ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను. కూర్చోబోయాను, మడతలు ఒళ్లో కొండలా లేచాయి, సంచి పక్కకు జారింది, సర్దబోతే పళ్లెం కిందపడింది, ఊరు ఊరంతా నావైపే తిరిగింది.

పెళ్లికూతురి తాతగారు నా మోచెయ్యి పట్టుకుని పక్కగదిలోకి తీసుకెళ్లారు. కోప్పడలేదు. మడతలు వెనక్కి రావాలి, ముందు చదునుగా ఉండాలి అన్నారు. పటాలాల్లో మడత మడతకూ ఒకే చార నిలువునా కనిపించేలా కుడతారని వేలితో గీసి చూపించారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన తండ్రి కిల్టుతోనే కందకాల్లో ఉన్నారట. మడతల నిండా పేలు. బురద గడ్డకట్టిన అంచు మోకాళ్ల వెనక కోసేసేదట.

1746 నాటి ఆ చట్టం నాకు నోటికొచ్చు. స్కాట్లండ్‌లో మగవాడు కిల్టు కడితే మొదటిసారి ఆరు నెలల జైలు, మళ్లీ కడితే ఏడేళ్ల ద్వీపాంతరం. 1782 దాకా అంతే. మినహాయింపు సైనికులకే. మా తాతయ్య పంచె కట్టుకోవాలంటే దొర సైన్యంలో చేరాల్సి వస్తే? వారం రోజులు అప్పజెప్పినవాడికి ఆ మాట అప్పటిదాకా తట్టనే లేదు.

ఎనభై దాటిన మనిషి వంగి నా నడుం దగ్గర తోలుపట్టీలు బిగిస్తున్నారు. నేనే చేసుకుంటానండీ అనబోయాను. వెనక మడతలు నాకెలా కనిపిస్తాయి? కదలకుండా నిలబడ్డాను.