నాకు లెక్క రాదన్నారు

టొరంటోలో కాలేజ్ స్ట్రీట్ మీద, స్పడైనా మలుపు దగ్గర వరసగా కంప్యూటర్ షాపులుండేవి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చూసినవాళ్లకి ఆ వీధి గురించి వేరే చెప్పక్కర్లేదు. 2008లో అక్కడే ఒక షాపులో నన్ను బిగించారు. ప్రాసెసర్ ఏఎండీ వాళ్ల అథ్లాన్ 64. గ్రాఫిక్స్ కార్డు ఏటీఐది, 512 ఎంబీ. ఏటీఐ అంటే పక్కనే ఉన్న మార్కమ్ కంపెనీ. 2006లో ఏఎండీ దాన్ని 540 కోట్ల డాలర్లకి కొనేసింది కాబట్టి, నా లోపలి ఈ ఇద్దరూ నేను పుట్టేసరికే వియ్యమందుకున్నారు. ర్యామ్ మాత్రం పిసినారితనంగా 2 జీబీ పెట్టారు. పైన విండోస్ ఎక్స్‌పీ వేశారు, 32 బిట్లది. నా బాధలన్నీ ఆ చివరి ముక్కతోనే మొదలు.

నన్ను కొన్నది నరసరావుపేట కుర్రాడు. ఓక్‌విల్‌లో త్రీడీ యానిమేషన్ చదువు, బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ అద్దె, తోడుగా మరో ఇద్దరు తెలుగువాళ్లు. బొమ్మలాట నేర్చుకోడానికి ఇంత దూరం రావాలా అని వాళ్లమ్మ ఫోన్‌లో అడిగేది. రావడంలో అర్థం లేకపోలేదు. ఒట్టావాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో నెస్టర్ బర్ట్‌నిక్, మార్సెలీ వైన్ అనే ఇద్దరు, ముఖ్యమైన బొమ్మలు మనిషి గీస్తే మధ్య బొమ్మలు కంప్యూటర్ వేసే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతిలో నేషనల్ ఫిల్మ్ బోర్డు 1974లో తీసిన ‘హంగర్’ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆ ఇద్దరికీ 1997లో అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. తర్వాత టొరంటోలో 1983లో ఏలియస్, మాంట్రియల్‌లో 1986లో సాఫ్ట్‌ఇమేజ్, మళ్లీ టొరంటోలో 1987లో సైడ్ ఎఫెక్ట్స్ వచ్చాయి. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ డైనోసార్లకి మొదటి రెండు కంపెనీల సాఫ్ట్‌వేరూ పనిచేసింది. మాయా 1998లో ఏలియస్ నుంచే వచ్చింది. మా వాడి కాలేజీ ఉన్న దేశంలోనే పుట్టిన సాఫ్ట్‌వేర్లన్నమాట. అన్నీ తిండిపోతులే.

మా వాడు ఎంచుకున్న విషయం కోటప్పకొండ తిరునాళ్ల. శివరాత్రి రాత్రి ప్రభలు. వెదురు గడల చట్రం, దాని చుట్టూ రంగుల గుడ్డలు, ఒళ్లంతా కరెంటు బల్బులు. గుడ్డ మీద జరీ అంచు కూడా దగ్గరగా కనిపించాలని పట్టుబట్టి, ఒక్కో గుడ్డకి 8192 పిక్సెళ్ల పొడవూ వెడల్పూ ఉన్న బొమ్మ తొడిగాడు. ఆ లెక్క నాకు తెలుసు. 8192ని 8192తో గుణించి, పిక్సెల్‌కి నాలుగు బైట్ల చొప్పున వేస్తే 26,84,35,456 బైట్లు. అంటే ఒక్క గుడ్డకి సరిగ్గా 256 ఎంబీ. డిస్కు మీద జేపెగ్‌గా చిన్నగా కనిపిస్తుంది, నిజమే. నా దగ్గరికొచ్చి పరుచుకున్నాక దాని అసలు కొలత అది.

నాలుగో గుడ్డ, ఐదో గుడ్డ దాకా సాగేది. ఆరో గుడ్డకి ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని ఒక చిన్న పెట్టె, దాని వెనకే సాఫ్ట్‌వేర్ మాయం.

“ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దు మామా, అదే సెట్ అవుద్ది,” అన్నాడు పక్క మంచం వాడు. హైదరాబాద్‌లో ఏ కంప్యూటర్‌కి ఏ రోగమొచ్చినా మొదట చేసే వైద్యం అది. అప్పుడు ఫిబ్రవరి. హీటర్ గాలికి బేస్‌మెంట్‌లో తేమ చుక్క లేదు. కార్పెట్ మీద నాలుగడుగులేసి తలుపు గడియ పట్టుకుంటే చిటుక్కున నిప్పురవ్వ ఎగిరేది. అలాంటి చేత్తో ర్యామ్ ముట్టుకుంటే చిప్పు చచ్చిపోవచ్చు. మా వాడు తెలివైనవాడు, ముందు నా ఇనప డబ్బాని తాకి ఒంట్లో ఉన్నది వదిలించుకున్నాకే స్టిక్కు లాగాడు. బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో సుతారంగా తుడిచి, పొట్టు ఊది, రెండు పక్కలా గడియలు టక్కుమనేదాకా నొక్కాడు. తర్వాత మెమ్‌టెస్ట్86 సీడీ పెట్టి రాత్రంతా నడిపాడు. పొద్దున్నకి ఒక్క తప్పూ లేదు. ఉంటేగా!

మరో 2 జీబీ కొన్నాడు. మొత్తం 4. కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో 3.25 జీబీ అని చూపించింది. షాపువాడు అంటగట్టాడన్నాడు ఒకడు, మదర్‌బోర్డుకి లెక్క రాదన్నాడు ఇంకొకడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఆరో గుడ్డ దగ్గర సాఫ్ట్‌వేర్ మునుపటిలాగే పడిపోయింది.

ఇప్పుడు నా వాదన వినండి. మేముండే బేస్‌మెంట్‌కి విడిగా ఇంటి నంబరు లేదు. కింద ముగ్గురున్నా, ఉత్తరాలన్నీ పైనున్న ఆంటీ వాళ్ల నంబరుకే పోతాయి. గదులున్నాయి, మనుషులున్నారు, పోస్ట్‌మ్యాన్ లెక్కలో మాత్రం లేరు. ర్యామ్ సంగతీ అంతే. 32 బిట్లతో రాయగలిగిన అడ్రసులు 429,49,67,296. అదే 4 జీబీ. ఆ అడ్రసుల్లోంచే గ్రాఫిక్స్ కార్డుకీ, ఇతర పరికరాలకీ కొన్ని ముందే కేటాయించాలి. అవి పోగా మిగిలింది 3.25. మిగతా ముప్పావు జీబీ నా దగ్గర భేషుగ్గా ఉంది, దానికి అడ్రసే లేదు.

అసలు దెబ్బ ఇంకోటి. ఆ నాలుగులో 2 జీబీ అడ్రసులు విండోస్ తన కోసం అట్టేపెట్టుకుని, ఒక్కో ప్రోగ్రామ్‌కి మిగతా రెండే ఇస్తుంది. ర్యామ్ ఎంత పోసినా ప్రోగ్రామ్ గోడ అక్కడే. ఆ రెండైనా ఖాళీగా దొరకదు. ప్రోగ్రామ్ తోడు తెచ్చుకునే డీఎల్ఎల్ ఫైళ్లు నడిమధ్యలో అక్కడక్కడా కూర్చుంటాయి. గుడ్డకి 256 ఎంబీ ఒకే బారుగా కావాలి. ముక్కలుగా ఎంత మిగిలినా పనికిరాదు. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అంటే ర్యామ్ నిండిపోయిందని కాదు, అడిగినంత చోటు అడిగినట్టు దొరకలేదని. ఆ పెట్టెలో అంత వివరంగా రాస్తే ఎవరి సొమ్ము పోయేదో నాకిప్పటికీ తెలీదు.

మా వాడికి విషయం అర్థమయ్యాక ముందు బూట్ డాట్ ఐఎన్ఐ ఫైల్లో త్రీ జీబీ స్విచ్ పెట్టాడు. విండోస్ ఒకటితో సర్దుకుని ప్రోగ్రామ్‌కి మూడు ఇస్తుంది. పెద్ద అడ్రసులు వాడగలనని ప్రోగ్రామ్ తన ఫైల్లో గుర్తు వేసుకుని ఉంటేనే సుమా. మావాడిదానికి ఆ గుర్తుంది. తొమ్మిదో గుడ్డ దాకా వెళ్లింది. కానీ విండోస్‌కి ఇరుకై గ్రాఫిక్స్ డ్రైవర్ తడబడేది, తెర మీద గీతలు.

నా కడుపుమంట ఒకటే. అథ్లాన్ 64 పేరులోనే 64 ఉంది! 2003లో ఆ వంశం మొదలైనప్పటి నుంచీ ఒక టెరాబైట్ ర్యామ్ దాకా అడ్రసులు రాయగల చిప్పుని తెచ్చి, 32 దగ్గర ఆపేసి, పైగా లెక్క రాదన్నారు. ఎక్స్‌పీకి 64 బిట్ల రకం 2005లోనే వచ్చింది కానీ, ప్రింటర్లకీ స్కానర్లకీ డ్రైవర్లు సరిగా దొరక్క జనం దాని జోలికి పోలేదు.

2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చింది. మావాడు 64 బిట్లది వేసి, నాలుగు స్లాట్లలోనూ రెండేసి జీబీ గుచ్చాడు. 8 జీబీ, నా బోర్డుకి అదే పరిమితి. తెరిచి చూస్తే 8 ఉందట, వాడుకోదగింది 3.25 అట! ఈసారి దోషం మదర్‌బోర్డు బయోస్‌లో ఉంది. మెమరీ రీమ్యాప్ అనే ఆప్షన్ ఆపేసి ఉంది; అది వేస్తేనే పరికరాల కింద చిక్కుకున్న ర్యామ్ 4 జీబీ పైనున్న అడ్రసులకి జరుగుతుంది. వేశాడు, ఎనిమిదికి దగ్గరగా వచ్చింది. సాఫ్ట్‌వేర్ కూడా 64 బిట్లదే వేసుకోవాల్సొచ్చింది. దానికి పాత ప్లగిన్లు పనికిరాక వారం రోజులు నానా తిట్లూ తిన్నాను. తర్వాత ఇరవై గుడ్డల ప్రభ నా మీద నిటారుగా నిలబడింది.

ఇప్పుడు నా పక్కన 64 జీబీ యువరాజు ఉన్నాడు. నేను పాత ఫైళ్ల కాపలా. మొన్న ఆయనగారి తెర మీదా అదే ‘అవుట్ ఆఫ్ మెమరీ’ పెట్టె కనిపించింది, ర్యామ్‌లో ఇంకా సగం ఖాళీగా ఉండగానే. డిస్కు అరిగిపోతుందని ఎవరో చెబితే మావాడు, ర్యామ్‌కి తోడుగా డిస్కు మీద ఉండే పేజ్ ఫైల్‌ని సున్నా చేశాడట. విండోస్ ప్రోగ్రాములకి ఇస్తానని మాటిచ్చే మెమరీ, ర్యామ్, పేజ్ ఫైల్ రెండూ కలిపిన మొత్తాన్ని దాటకూడదు. వాడినా వాడకపోయినా మాటిచ్చినదంతా లెక్కే. పేజ్ ఫైల్ తీసేస్తే ఆ హద్దు అంత మేరా కిందికి దిగుతుంది. టాస్క్ మేనేజర్‌లో ‘కమిటెడ్’ అన్న అంకె చూడకుండా, కొత్త ర్యామ్ ధరలు వెతకడం మొదలుపెట్టాడు మావాడు.

“రబ్బరుతో రుద్దావా మామా?” అని ఫోన్‌లో పాత పక్క మంచం వాడు. ఇప్పుడు కాల్గరీలో ఉంటున్నాడు.