ఉత్తరాలు తగ్గాయా? రేటు పెంచుకో!

అమెరికా తపాలా శాఖ స్టాంపు ధర పెంచాలంటే పోస్టల్ రెగ్యులేటరీ కమిషన్ లెక్క చూసి సరేననాలి. ఆ కమిషన్‌వారు 2020లో ఓ చక్కని సూత్రం ఖాయం చేశారు. ఇంటింటికీ చేరే ఉత్తరాలు తగ్గుతుంటే, ద్రవ్యోల్బణాన్ని దాటి మరీ రేటు పెంచుకోవచ్చట. రేటు పెరిగితే జనం ఉత్తరాలు ఇంకా తగ్గిస్తారు కదా? తగ్గించనీండి, మళ్లీ పెంచుకోవచ్చు!

2021 మొదట్లో 55 సెంట్లున్న స్టాంపు 2025 జులైకల్లా 78 సెంట్లకు ఎక్కింది. ఆ మధ్యలోనే మూడు రోజుల్లో చేరాల్సిన ఉత్తరాలు కొన్నిటికి ఐదు రోజులదాకా గడువిచ్చేశారు. ప్యాసింజరు బండికి ఎక్స్‌ప్రెస్ టికెట్టన్నమాట.

ఇక బీమా. ప్రయారిటీ మెయిల్ పార్సిల్‌కు మామూలుగా 100 డాలర్ల దాకా బీమా కలిసే వస్తుంది. సంతోషం. న్యూజెర్సీ అత్తగారు డల్లాస్ కోడలికి పంపిన ఆవకాయ సీసా దారిలో భళ్లుమందనుకోండి. గాజు పెంకులు, నూనె ఓడుతున్న అట్టపెట్టె పారేయకూడదు. తనిఖీకి తెమ్మంటే పోస్టాఫీసుకు మోసుకెళ్లాలి. పైగా సరుకు విలువకు రుజువు కావాలి. అత్తగారేమో జన్మలో బిల్లుపుస్తకం పెట్టినావిడ కాదాయె!

కాబట్టి అమ్మలారా, ఈసారి జాడీ ఎత్తేముందు మామిడికాయల బిల్లు, ఆవపిండి బిల్లు, నూనె బిల్లు భద్రంగా దాచండి. చేతి రుచికి మాత్రం పరిహారం అడక్కండి.