సర్కారు వారి నిజం

2016 నవంబరులో కొత్త రెండు వేల నోటు పుట్టగానే, అందులో చిప్పు ఉందనీ, నేలలో ఎంత లోతున పాతినా ఉపగ్రహం కనిపెట్టేస్తుందనీ కొన్ని జాతీయ చానళ్లు బొమ్మలేసి మరీ వివరించాయి. 2023లో నోటు ఇంటిముఖం పట్టింది. చిప్పు జాడ మాత్రం ఇంతవరకూ లేదు. కాబట్టి అబద్ధాలకు కళ్లెం వేస్తామంటే ఎవరు కాదంటారు? పత్రికల వాళ్లమూ కాదనం. పక్క చానల్‌కి వేస్తామంటే మరీ సంతోషం.

పగ్గం ఎవరి చేతిలో ఉండాలన్నదే తగువు. దాన్ని కేంద్రం 2023 ఏప్రిల్ 6న ఐటీ నిబంధనల సవరణతో చిటికెలో తేల్చేసింది. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల గురించి నెట్‌లో వచ్చేవాటిలో ఏది నకిలీ, ఏది అబద్ధం, ఏది తప్పుదోవ పట్టించేది అన్నది కేంద్రమే నియమించిన ఫ్యాక్ట్ చెక్ యూనిట్ చెబుతుంది. ఆ ముద్ర పడ్డాక కూడా పోస్టును అట్టే పెట్టుకున్న సోషల్ మీడియా కంపెనీకి చట్టం ఇచ్చే రక్షణ పోతుంది. ఇందులో నిషేధం లేదు, సెన్సార్ లేదు, అర్ధరాత్రి అరెస్టు లేదు. అంతా మర్యాదే. కోట్ల వ్యాపారం చేసుకునే కంపెనీ మీ నాలుగు వాక్యాల కోసం కోర్టు మెట్లెక్కుతుందా? కిక్కురుమనకుండా తీసేస్తుంది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. పాపం, ఆ అత్తకు కుండల మీద గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చుకోవాలని తోచలేదు.

సర్కారు వారి పరిశీలన ఎంత నిక్కచ్చిగా ఉంటుందో 2020 డిసెంబరులోనే చూశాం. ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఉద్యోగాలున్నాయంటూ వచ్చిన ప్రకటన మీద కేంద్రం సమాచార సంస్థ పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ విభాగం నకిలీ అని ముద్ర కొట్టింది. తీరా చూస్తే అది అచ్చంగా అసలుదే. (గూఢచారి సంస్థ గుట్టును ఇంత భక్తిగా కాపాడినవాళ్లు ఇంకెవరుంటారు?)

కమెడియన్ కునాల్ కామ్రా, ఎడిటర్స్ గిల్డ్ బాంబే హైకోర్టుకు వెళ్లారు. వ్యంగ్యం జోలికి రామని ప్రభుత్వం అక్కడ వాదించింది. ఏది వ్యంగ్యమో కూడా తామే చూసుకుంటారన్నమాట! 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులూ చెరో మాట అన్నారు. ఎన్నికల షెడ్యూలు వచ్చిన నాలుగో రోజున, మార్చి 20న, కేంద్రం యూనిట్‌ను నోటిఫై చేసింది. ఎన్నికలప్పుడే నిజం మీద ఇంత బెంగ ఎందుకు పుడుతుందో! మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. సెప్టెంబరులో మూడో న్యాయమూర్తి చందూర్కర్ ఆ నిబంధనను కొట్టేశారు.

ఈ విద్య ఢిల్లీ సొత్తేమీ కాదు. మన దగ్గర వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007లో వార్తలపై కేసులకు వీలిచ్చే 938 జీవో తెచ్చి, గొడవయ్యాక పక్కన పెట్టింది. 2019లో జగన్ ప్రభుత్వం 2430 జీవోతో, ఏ శాఖ మీద తప్పుడు వార్త వచ్చినా ఆ శాఖ కార్యదర్శే కేసు పెట్టొచ్చంది. ఇక కేంద్రం నిబంధనను తిట్టిపోసిన కాంగ్రెస్, కర్ణాటకలో 2025లో తన ముసాయిదా బిల్లు తానే రాసుకుంది. ఫేక్ న్యూస్‌కు ఏడేళ్ల దాకా జైలు. ఏది ఫేకో తేల్చే సంస్థకు అధ్యక్షుడు మంత్రిగారు. సనాతన చిహ్నాలను అగౌరవపరచకూడదు, మూఢనమ్మకాలను ప్రోత్సహించనూ కూడదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో మంత్రిగారే కొలిచి చెబుతారు కాబోలు. విమర్శలు చుట్టుముట్టాక అది ముసాయిదా మాత్రమేనన్నారు.

వేరే దారి లేదా అంటే, ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి జనం దారిన పోయేవాళ్లను చావబాదుతున్న రోజుల్లో, జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపారు. జానపద కళాకారులతో పాటలు పాడించి అది అబద్ధమని చెప్పించారు. ఎవరి పోస్టుకీ ముద్ర కొట్టలేదు. అయితే ఈ పద్ధతి మంత్రిగార్లకు పనికిరాదు. తమ మీద వచ్చిన వార్తను ఖండించాలంటే ముందు ఊళ్లోకి వెళ్లాలి. వెళితే, ఆగిపోయిన రోడ్డు సంగతేమిటని జనం అడుగుతారు.