రెండు ఆక్వాలు

బాబాయి రోమ్ నుంచి వీడియో కాల్ చేసేసరికి నేను అవనిగడ్డలో నీళ్ళ టిన్ను కోసం వరసలో ఉన్నాను. "ఒరేయ్, చూడరా, ఎంత తేటగా ఉన్నాయో! అడుగున చిల్లర కూడా లెక్కపెట్టొచ్చు" అంటూ ఫోను తిప్పి ట్రెవీ ఫౌంటెన్ చూపించాడు. నా వెనకాల నిలబడ్డావిడ తొంగిచూసి, "అక్కడ టిన్ను ఎంతండీ?" అని అడిగింది.

బాబాయిది ఆక్వా. లాటిన్‌లో ఆ మాటకి నీళ్ళని అర్థం. మా దివిసీమలో రొయ్యల చెరువని అర్థం, పక్కవాడి బోరు ఉప్పుతేలిందని తాత్పర్యం. బాబాయి నిలబడ్డ ఆ ఫౌంటెన్‌కి నీళ్ళు తెచ్చే కాలువ పేరు కూడా ఆక్వానే, ఆక్వా విర్గో. క్రీస్తుపూర్వం 19లో అగ్రిప్పా అనే దొర తన స్నానశాల కోసం ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి తెచ్చుకున్నాడు, చాలావరకు భూమిలోపల నుంచే. 537లో గోత్‌లు రోమ్‌ని ముట్టడించి కాలువలు తెంపేస్తే, తర్వాత పోపులు దీన్ని బాగుచేయించారు. దాని చివర 1732లో నికోలా సాల్వి ఫౌంటెన్ మొదలుపెట్టి, పూర్తికాకుండానే 1751లో పోయాడు. 1762కి గానీ పని ముగియలేదు.

ముప్ఫై ఏళ్ళు! మావాళ్ళకి అంత తీరికెక్కడిది? ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఊళ్ళో (పేరెందుకులెండి) సెంటర్‌లో ఫౌంటెన్ కట్టారు. రంగురంగుల లైట్లు పెట్టి, ట్యాంకరుతో నీళ్ళు పోశారు. రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, ఫోటోలు దిగేదాకా చక్కగా చిమ్మింది. ఇప్పుడందులో ఒక మేక కుటుంబసమేతంగా ఉంటోంది. నడిమధ్య గొట్టం ఫ్లెక్సీలు కట్టుకోడానికి భేషుగ్గా ఉంది.

అక్విడక్ట్ మాకూ లేకపోలేదు. పులిగడ్డ దగ్గర కింద కృష్ణ పాయ, దాని నెత్తిమీదుగా దివిసీమకి కాలువ. అగ్రిప్పా చూస్తే కట్టినవాళ్ళ భుజం తట్టేవాడు. తెంపడానికి మాకు గోత్‌లు అక్కర్లేదు, గుర్రపుడెక్క చాలు. 1855 నాటికి బెజవాడలో ఆనకట్ట వచ్చింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 2015లో పట్టిసీమ నుంచి గోదావరే వచ్చి కలిసింది. ఇంతమంది కలిసి పంపిన నీళ్ళు ఎగువ వంతులన్నీ తీరాక శివారుకి వార్తగా చేరతాయి, పేపర్లో.

సరే, నాణెం సంగతి. ఫౌంటెన్‌కి వీపు పెట్టి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా బిళ్ళ విసిరితే మళ్ళీ రోమ్ వస్తారట. అలా పోగైన చిల్లర ఏడాదికి సుమారు 15 లక్షల యూరోలు. కారితాస్ అనే సేవాసంస్థ దాన్ని పేదలకి ఖర్చుపెడుతుంది. 2026 ఫిబ్రవరి నుంచి దగ్గరికెళ్ళి చూడ్డానికి టూరిస్టులకి రెండు యూరోల టికెట్ కూడా పెట్టారు. బాబాయి టికెట్లు కొన్నాడు, తనొక బిళ్ళ వేశాడు, పిన్ని చేత ఒకటి వేయించాడు, అమెరికాలో ఉన్న కొడుకు తరఫున ఇంకోటి. ఆ కొడుకు ఊరు వదిలిన రోజున, మళ్ళీ రావాలని ఏ కాలవలోనూ ఎవరూ పావలా కూడా వేయలేదు. వాడూ రాలేదు.

ఒకప్పుడు డబ్బు అటునుంచి ఇటు వచ్చేది. మసూలా తీరపు సన్నబట్టల కోసం రోమన్ బంగారం ఓడలెక్కేది. ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు ఇండియా పాలవుతున్నాయని ప్లినీ ఏడ్చాడు. టాలమీ రాసిన కొంటకొస్సిల మన ఘంటసాలేనని చరిత్రకారులంటారు. రోమన్ నాణేలు దొరికిన ఊరే అది. ప్లినీ ఇక కళ్ళు తుడుచుకోవచ్చు, మా బాబాయి వాయిదాల మీద తిరిగి కడుతున్నాడు.

ఫౌంటెన్ నడుమ సముద్రదేవుడు ఓషియానస్ గవ్వ రథమెక్కి ఠీవిగా నిలబడి ఉంటాడు. దేవుడన్నారు కదాని పిన్ని దణ్ణం పెట్టబోయింది. "వీడికెందుకే దణ్ణం, 77 నవంబరు 19న ఉప్పెనై మనింటికే వచ్చాడుగా" అన్నాడు బాబాయి. ఆ మాటకి మాత్రం నాకు నవ్వు రాలేదు.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి నేనే తీసుకొచ్చాను. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాకా ఒకటే రోమ్ పురాణం. పులిగడ్డ వచ్చేసరికి కారాపమన్నాడు. జేబులో మిగిలిపోయిన యూరో బిళ్ళ తీసి, కాలవ గట్టెక్కి, అటు వీపు పెట్టి, భుజం మీదుగా చెయ్యెత్తాడు. ఎందుకో ఒకసారి తిరిగి చూసుకున్నాడు. ఒడ్డు నుంచి ఒడ్డుకి పచ్చగా గుర్రపుడెక్క.

"వేసినా మునగదురా" అని బిళ్ళ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.