రికార్డు తిప్పే ఓపిక

రికార్డులకు కూడా పుట్టినరోజులు చేస్తారని మా రోజుల్లో మాకు తెలియదు. పాట బాగుందా, రికార్డు మీద గీతలు పడ్డాయా, రేపు ఎవరింటికి ఇవ్వాలి, అంతవరకే మా లెక్క. ఇప్పుడు మార్చి 1 వచ్చిందంటే తెల్లారకముందే ఫోను నిండా అదే నల్లటి అట్ట, మధ్యలో గాజు పట్టకం, అందులోంచి రంగులుగా విడిపోయే వెలుగు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973లో అమెరికాలో ఆ తారీఖునే విడుదలైంది. బెంగుళూరులో ఉండే మా మనవడు కూడా ఆ బొమ్మ పంపిస్తాడు. "ఇది నీకు ప్రాణం కదా తాతా" అంటాడు. నువ్వెన్నిసార్లు విన్నావురా అని అడిగితే "'మనీ' పాట విన్నాను" అంటాడు. పది పాటల్లో ఒక్కటి. బొమ్మేమో చొక్కా మీద కూడా వేసుకున్నాడు.

కోపం రాదా మరి?

మేం ఆ రికార్డు విన్నది కోలారు బంగారు గనుల దగ్గర, కేజీఎఫ్‌లో. కేజీఎఫ్ అంటే ఈ కాలం వాళ్లకు 2018లో వచ్చిన సినిమా. మాకది ఊరు. చాంపియన్ రీఫ్, ఊరిగాం, మారికుప్పం, రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట. 1880లో జాన్ టేలర్ కంపెనీ దొరలు వచ్చి గనులు తవ్వించారు. పనికి తమిళ దేశం నుంచి, మా చిత్తూరు వైపు నుంచి జనం వచ్చి లైన్ల ఇళ్లలో కాపురాలు పెట్టారు. ఒకే వీధిలో తమిళం, తెలుగు, కన్నడం వినిపించేవి; నాలుగడుగులు వేస్తే ఆంగ్లో ఇండియన్ల ఇళ్లు, వాళ్ల గిటార్లు, క్రిస్మస్ డాన్సులు. ఇంగ్లీషు పాట మాకు కాలేజీ చదువుతో అబ్బింది కాదు, గోడ అవతలి నుంచి చెవిన పడింది. రాత్రిపూట రేడియో సిలోన్ తిప్పితే గరగరల మధ్య బీటిల్స్ వచ్చేవాళ్లు. మా నాయన అండర్‌గ్రౌండులో పనిచేసి వచ్చి పడుకునే మనిషి కాబట్టి రేడియోను దుప్పట్లో పెట్టుకుని వినేవాణ్ని.

రికార్డు మా దాకా రావడానికి ఏళ్లు పట్టేది. ఎవరో ఒకరి అన్న బెంగుళూరులో కొని, బంగారుపేట మీదుగా రైల్లో తెచ్చేవాడు. లండన్‌లో పాడిన పాటే అయినా, కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో గ్రామఫోన్ కంపెనీ అచ్చు వేసిన ప్లేటే మా చేతికి వచ్చేది. ఘంటసాల ప్లేట్లు కూడా ఆ కంపెనీవే. వీధి మొత్తానికి ఒక్క రికార్డు, ఒక్క హెచ్.ఎం.వి. ఫియస్టా. వారం ఒకరింట్లో, వారం ఇంకొకరింట్లో. అట్ట అంచులు నలిగిపోతే గుడ్డ పట్టీ అంటించేవాళ్లం. ప్లేటును అంచులు పట్టుకునే తీయాలి, వేలు మధ్యలో తగిలిందంటే పెద్దవాళ్లు కసిరేవాళ్లు.

వినడం కూడా ఒక పనే అప్పుడు. ఎవరూ మాట్లాడకూడదు. 'డార్క్ సైడ్' పెడితే మొదట గుండె చప్పుడు, ఆ తర్వాత సంగీతం మెల్లగా లేస్తుంది. మొదటి వైపు నాలుగో పాట 'టైమ్' మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారి మోగుతాయి. ఇంజనీరు అలన్ పార్సన్స్ పాత గడియారాల కొట్టుకు వెళ్లి ఒక్కొక్కదాన్నే రికార్డు చేసుకొచ్చిన మోత అది. ఆ మోతకు మా అవ్వ లోపలి గదిలోంచి లేచి, షిఫ్టుకు వేళయిందా అని అడిగేది. గని బతుకులో గంట మోగితే ఎవరో ఒకరు కిందికి దిగాలి.

కొన్ని రాత్రులు భూమి లోపల రాక్ బర్స్ట్ అయ్యేది. మూడు కిలోమీటర్లకు పైగా లోతు తవ్విన గని. అంత లోతున రాయి మీద పడే ఒత్తిడికి అది ఉన్నట్టుండి పేలిపోతుంది. పైన మా ఇళ్లలో అటక మీద గిన్నెలు గలగలమనేవి, రికార్డు మీద సూది ఎగిరి ఇంకో పాటలో పడేది. పాట సంగతి అప్పుడు ఎవరికి పట్టింది? ముందు బయటికి పరిగెత్తి, ఏ షాఫ్టు, ఏ షిఫ్టు, మన వాళ్లు ఎవరైనా లోపల ఉన్నారా అని అడిగేవాళ్లం. అంతా క్షేమమని తెలిశాక లోపలికొచ్చి రికార్డు మళ్లీ మొదటి నుంచి పెట్టుకునేవాళ్లం. సూది పడ్డ చోటు నుంచి వినడం మాకు తెలియదు.

నా ఫిర్యాదు కూడా అదే. ఆ రికార్డులో మొదటి వైపు ఒక ఆడమనిషి గొంతుతో ముగుస్తుంది. మాటలు లేవు, వట్టి ఆలాపన. చావు గురించిన ఆ పాటను ఆమె గొంతు చించుకుని పాడి, చివరికి తగ్గించి తగ్గించి వదిలేస్తుంది. ఆ తర్వాత సూది లోపలి గాడిలో తిరుగుతూ ఉంటుంది. ఎవరో ఒకరు లేచి రికార్డు తిప్పాలి. మాలో ఎవరూ వెంటనే లేచేవాళ్లు కాదు. ఆ కాసేపు ఊరికే కూర్చోవడం కూడా పాటలో భాగమే. ఇప్పుడు ఫోనులో ఆమె గొంతు ఆగీ ఆగకముందే 'మనీ' పాట చిల్లర గలగలలు మొదలు. లేదంటే ఆ రెంటికీ మధ్యలో ఏ సబ్బు ప్రకటనో. ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వకుండా యాభై ఏళ్ల పండగ చేస్తామంటే ఎట్లా ఒప్పుకోను?

ఆమె పేరు క్లేర్ టోరీ. ఆదివారం పని కాబట్టి రెట్టింపు కూలి, 30 పౌండ్లు ఇచ్చి పంపేశారు. కోట్ల రికార్డులు అమ్ముడుపోయాయి. 2004లో ఆమె కోర్టుకు వెళ్లింది, 2005లో కోర్టు బయట రాజీ కుదిరింది, అప్పటి నుంచి ఆ పాట కట్టినవాళ్లలో పింక్ ఫ్లాయిడ్ బృందంలోని రిచర్డ్ రైట్ పక్కన ఆమె పేరు కూడా వేస్తున్నారు. ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. గని కూలి మీద బతికిన ఇంట్లో పుట్టినవాణ్ని, నాకు ఈ లెక్క అట్టమీది బొమ్మ కంటే ముందు కనిపిస్తుంది. మార్చి 1న బొమ్మలు పంపేవాళ్లలో ఆమె పేరు రాసినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు.

ఇక అమ్మేవాళ్ల సంగతి. ఇరవై ఏళ్లకని 1993లో ఒక పెట్టె, ముప్పై ఏళ్లకని 2003లో కొత్త డిస్కు, 2011లో ఇంకా పెద్ద పెట్టె, యాభై నిండాయని 2023లో మరో పెట్టె. పాటలు అవే పది. బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్'కు 2017లో యాభై నిండితే, వాళ్ల నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ దాన్ని కొత్తగా మిక్స్ చేశాడు. అతని పనితనాన్ని నేను కాదనను, చెవి ఉన్నవాడు. కానీ తండ్రి కూర్చోబెట్టిన చోటు నుంచి ఒక్కొక్క గొంతునూ లేపి ఇంకో చోట కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. ఆ 1967 రికార్డు అట్లాగే వినబడాలి.

మన దగ్గర మాత్రం తక్కువ తిన్నారా? 2022 డిసెంబరు 4న ఘంటసాలకు నూరేళ్లు నిండాయి. దండలు వేశారు, ఫోటోలు పంచుకున్నారు. ఆయన చివరి రోజుల్లో పాడిన భగవద్గీతను మాత్రం శవయాత్ర బండ్లకు అప్పగించారు. మా ఇంట్లో ఆ రికార్డు ఏకాదశి నాడు రెండు వైపులా పూర్తిగా మోగేది. పిల్లలం గోడకు ఆనుకుని కూర్చుని వినేవాళ్లం. ఇప్పుడు వీధిలో రెండు శ్లోకాలు వినబడగానే ఎవరు పోయారని తలుపు తీసి చూస్తున్నారు.

తారీఖులు గుర్తుపెట్టుకోవడం తప్పని నేననడం లేదు. ఏ తారీఖు గుర్తుంటోంది, ఏది పోతోంది అన్నదే నా బాధ. మార్చి 1కి ముందు రోజు ఏమిటో మా ఊళ్లో పుట్టిన పిల్లలను అడగండి. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చిన గనులు. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్న ఊరు. 1965లో చాంపియన్ రీఫ్ గని లోతుల్లో శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. లోకంలో అట్లా పట్టుకున్న మొదటి చోట్లలో అదొకటి. ఆ సంగతి చెబితే మా మనవడు నమ్మక ఫోనులో వెతికి చూసుకున్నాడు. పింక్ ఫ్లాయిడ్ తారీఖు మాత్రం వాడికి వెతక్కుండానే వచ్చి చేరుతుంది, దాన్ని అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి.

ఆఖరి షిఫ్టుల్లో దిగినవాళ్లు మా వీధుల్లో ఇంకా ఉన్నారు. కొందరికి రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైపోయాయి. వాళ్ల పిల్లలు తెల్లవారుజామునే మారికుప్పం రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగొస్తారు. వాళ్లలో చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. ఊరి నుంచి బెంగుళూరు చేరేలోపు ఆ రికార్డు రెండు వైపులా హాయిగా అయిపోతుంది, మొత్తం నలభై మూడు నిమిషాలే. ఈసారి మనవడు బొమ్మ పంపితే నేను జవాబు ఇవ్వను. ముందు రోజే వాడిని ఊరికి రమ్మన్నాను. పగలు చాంపియన్ రీఫ్‌లో ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్లి, ఆయన చెప్పేదంతా మధ్యలో లేవకుండా వినిపిస్తాను. రాత్రికి ఫియస్టా ముందు కూర్చోబెడతాను. రికార్డు వాడే తిప్పాలి.