తొంభై నాలుగు: ఒక ఆక్సీమీటరు ఆత్మకథ

భిలాయి సెక్టర్ 2లో ఒక కంపెనీ క్వార్టరు, అందులో టీవీ బల్ల, దాని రెండో సొరుగు. ఇదీ నా చిరునామా. ఇరుగుపొరుగు ఎవరంటే పాత కరెంటు బిల్లులు, అయ్యప్ప గుడి విభూతి పొట్లం, గడువు తీరిన పారాసిటమాల్ అట్ట. 2021 ఏప్రిల్‌లో దుర్గ్ జిల్లా అంతా కోవిడ్ లాక్‌డౌన్‌లో తలుపులేసుకున్నప్పుడు నన్ను అడిగినంత ఇచ్చి కొన్నారు. ఆ రోజుల్లో నా ధరలు ఎలా ఉండేవంటే, జులైలో కేంద్రం నా మీదా, బీపీ మిషను, గ్లూకోమీటరు వంటి మరో నాలుగింటి మీదా వ్యాపారి లాభం 70 శాతం మించకూడదని ఉత్తర్వు తేవలసి వచ్చింది. చూడబోతే బట్టల క్లిప్పుకి చెల్లెల్ని. అయినా పూటపూటా ఇంటిల్లిపాదీ వేలు అందించి, నా అంకె కోసం ఊపిరి బిగబట్టి చూసేవారు. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పరుగు, తగ్గకపోతే ఇంట్లోనే ఉండొచ్చు. నలుపూ తెలుపూ, అధికారీ కూలీ, అందరికీ అదే గీత. ఇంతకంటే న్యాయం ఏముంటుందని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. కానీ కొలిచే నా చూపు అన్ని వేళ్ల మీదా ఒకేలా లేనప్పుడు, అందరికీ ఒకే గీత గీయడం న్యాయం కాదు. నేరస్థురాలే ఒప్పుకుంటోంది కనుక కాస్త ఓపిగ్గా వినండి.

నా వంశకర్త జపాన్ ఇంజినీరు తకువో అవోయగి. ఆయన 1970ల మొదట్లో కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నా ప్రాణం. ఎర్ర వెలుగునీ, కంటికి కనిపించని పరారుణ వెలుగునీ వేలిగుండా పంపుతాను. ఆక్సిజన్ మోసే రక్తం ఒక రకంగా, మోయని రక్తం మరో రకంగా ఆ వెలుగుల్ని పీల్చుకుంటాయి. నాడి కొట్టినప్పుడల్లా ఆ తేడా ఎంతో చూసి, నాలో దాచిన పట్టికతో సరిపోల్చి అంకె చెబుతాను. అంటే మీ నెత్తుటిలో ఆక్సిజన్ని నేను చూడను, ఊహిస్తాను. ఆ ఊహకు ఆధారం ఎప్పుడో ఎవరో ఆరోగ్యవంతుల వేళ్ల మీద తయారైన పట్టిక. మధ్యలో చర్మం ఉంది. చర్మపు నలుపు కొంత వెలుగుని తాగేస్తుంది. ఆ లెక్కంతా తీసేయగలనని నన్ను చేసినవాళ్లు నమ్మారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో నాలాంటివాటి పరీక్షకు పెట్టిన నియమం వింటే ఆ నమ్మకం ఎంత ధీమాగా ఉండేదో తెలుస్తుంది. కనీసం పదిమంది మీద పరీక్షించాలి. వారిలో బాగా నల్లని చర్మం ఉన్నవారు ఇద్దరో, మొత్తంలో 15 శాతమో, ఏది ఎక్కువైతే అంత ఉంటే చాలు. పదిమందిలో ఇద్దరు! శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి కొలిమి సెగలో రంగుతేలిన వేళ్లు నా నోట పెట్టే ఊళ్లో ఆ నిష్పత్తి తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. గోళ్లకు రంగుంటే తుడిచి రమ్మని నా డబ్బాలోని కాగితం చెబుతుంది. చర్మం గురించి ఏం చెప్పగలదు?

ఈ లోపం కొత్తగా బయటపడిందీ కాదు. వెంటిలేటరు మీదున్న రోగుల్లో తెల్లవారికి 92 చూపితే ధైర్యంగా ఉండొచ్చనీ, నల్లవారికి 95 దాకా ఉంటే తప్ప నమ్మరాదనీ జుబ్రాన్, టోబిన్ అనే వైద్యులు 1990లోనే రాశారు. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు మరో సంగతి చెప్పారు: ఆక్సిజన్ తగ్గేకొద్దీ నల్లని చర్మం మీద నా పొరపాటు పెరుగుతుందని. అంటే మనిషి ఎంత ప్రమాదంలో ఉంటే నా అబద్ధం అంత తియ్యగా ఉంటుందన్నమాట. 2020 డిసెంబరులో మిషిగన్ వైద్యులు ధమని రక్తపు పరీక్షను నా అంకె పక్కన పెట్టి చూశారు. నేను 92 నుంచి 96 మధ్య చూపిన సందర్భాల్లో అసలు విలువ 88 కంటే తక్కువున్నవి తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. మూడింతలకు పైనే.

అవి అమెరికా లెక్కలు, మనకేం సంబంధం అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ వెలుగు పాస్‌పోర్టు అడగదు. 2022లో కోవిడ్ రోగుల మీద చేసిన మరో అమెరికా అధ్యయనంలో ఆసియా మూలాలవారికి నేను సగటున 1.7 పాయింట్లు ఎక్కువ చూపినట్టు తేలింది. ఆ ‘ఆసియా’లో మనవాళ్లెందరో విడదీసి చెప్పలేదు గనుక దాన్ని యథాతథంగా భిలాయికి అంటగట్టను. ఒకటి రెండు పాయింట్లకే ఇంత రాద్ధాంతమా అన్నది ఇంకో మాట. మామూలు రోజుల్లో నిజమే. అనుభవమున్న డాక్టరు అంకె కంటే ముందు మనిషిని చూస్తాడు. మంచాలు చాలక, డాక్టరు ఫోనుకి కూడా దొరకని వారంలో మాత్రం అంకే డాక్టరవుతుంది. అసలు 92 ఉన్నవాడికి నేను 94 చూపితే అతను వరసలోకే రాడు.

మరొకటుంది, నా తప్పు అందరినీ ఒకేలా కాటేయదు. ఆ రోజుల్లో ఈ ఊరి ఉక్కు ప్లాంటు నుంచే ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లు ఊళ్లకు వెళ్లాయి. సెక్టర్ 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది. పర్మినెంటు ఉద్యోగి కుటుంబానికి నా అంకె మీద అనుమానమొస్తే మణికట్టు రక్తం తీసి నిజం తేల్చే చోటు అందుబాటులోనే ఉంది. ఠేకా మజ్దూరుకి, అంటే కాంట్రాక్టు కూలీకి, చాలాసార్లు నేనే మొదటి పరీక్ష, నేనే ఆఖరి పరీక్ష. పర్మినెంటుకీ ఠేకాకీ మధ్య ఈ గీత నేను పుట్టకముందే ఉంది. ఇదే ప్లాంటుకి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల్లో ఠేకా కార్మికులు 1983లో సొంతంగా షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. 1977 పోలీసు కాల్పుల్లో పోయిన 11 మంది పేరుమీద. ఉన్న వైద్యం అందరిదీ అయ్యుంటే ఆ ఇటుకలు వాళ్లు మొయ్యనక్కర్లేదు.

అయితే నిన్ను పారేస్తే సరి కదా అంటారా? అదీ తప్పే. నాకు ముందు పెదవుల నీలం చూసేవారు. నల్లని ముఖం మీద అది నాకంటే ఘోరంగా మోసం చేస్తుంది. అందరికీ రెండు తీసేసి చదువుకోమన్నా కుదరదు, నా తప్పు మనిషి మనిషికీ మారుతుంది. జబ్బు చేయని రోజున నేను చూపిన అంకె రాసిపెట్టుకుని, జ్వరం రోజున దానికంటే ఎంత జారిందో చూడండి. ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెట్టండి, నిమిషానికి 24 దాటితే నేను 96 అన్నా వినొద్దు. ఊపిరి లెక్కకు చర్మం రంగుతో పనిలేదు, ఖర్చూ లేదు. మిగతాది నన్ను చేసేవాళ్ల పని. అమెరికా సంస్థ 2025 జనవరిలో పాత నియమం మార్చే దిశగా, మరింతమందిని, అన్ని ఛాయలవారినీ పరీక్షించాలని ముసాయిదా తెచ్చింది. ఇక్కడి బజారులో కొనేవాడు ధర అడుగుతాడు, వారంటీ అడుగుతాడు. ఏ వేళ్ల మీద పరీక్షించారని అడిగిన గొంతు నా చెవిన పడలేదు.

నా వరకు ఆ ప్రశ్న ఎవరూ అడగరు. 2022లో సొరుగులో పడేసేటప్పుడు బ్యాటరీలు తీయలేదు, రెండూ కారిపోయాయి. అప్పుడప్పుడు టీవీ రిమోటుకి బ్యాటరీలు కావాలని ఎవరో సొరుగు లాగుతారు. విభూతి పొట్లం పక్కకి తోసి, నన్ను తీసి, వెనక మూత విప్పుతారు. తీగచుట్టకి పట్టిన పచ్చటి చిలుము చూసి, ముఖం చిట్లించి, చెయ్యి లుంగీకి తుడుచుకుని మళ్లీ మూసేస్తారు.