జరిపితే పెరిగే చెరకు

ఇంటరాక్టివ్ కథనం అంటే చదివేవాడి వేలు కదిలితే తప్ప ముందుకు నడవని వార్త. 2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ 'స్నో ఫాల్' పేరుతో ఒక మంచుచరియ ఉదంతాన్ని కదిలే బొమ్మలు, పటాలతో చెప్పింది. మరుసటి ఏడు దానికి పులిట్జర్ వచ్చింది. అది రాసిన జాన్ బ్రాంచ్ బతికి బయటపడ్డవాళ్లను వెతికి పట్టుకుని నెలల తరబడి మాట్లాడాడు. వెనకొచ్చినవాళ్లు ఆ తిరుగుడు వదిలేసి, తెర మీద మంచు కురిపించడం మాత్రం నేర్చుకున్నారు.

ఈ విద్యకు నిజామాబాద్ జిల్లాలోని బోధన్ అనువైన చోటు. అక్కడ 1937లో పుట్టిన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లాకౌట్ పడింది. ఫ్యాక్టరీకి ఎంత ధర కట్టారు, భూములు ఏమయ్యాయి, కార్మికుల బాకీ ఎంత అన్నవి పరిశోధన అడిగే ప్రశ్నలు. డిజైనరు జాబితా వేరు: పొగ రాని చిమ్నీ చుట్టూ డ్రోను, వెనక వయొలిన్. వేలు జరిపితే చెరకు పెరుగుతుంది, ఇంకాస్త జరిపితే ఎండుతుంది. అమ్మకం కాగితం మాత్రం ఎంత జరిపినా రాదు. అది రావాలంటే ఎవరో ఒకరు సమాచార హక్కు దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ చెప్పులరగదీయాలి. ఆ పనికి యానిమేషన్ ఇంకా కనిపెట్టలేదు.

కథనం అదే జిల్లాలోని బాల్కొండ చేరాక అసలు పరీక్ష. పసుపు ఉడకబెట్టి వచ్చిన రైతు తడి బొటనవేలిని పగిలిన స్క్రీను గుర్తుపట్టదు. తెర మధ్యలో చక్రం గిర్రున తిరుగుతుంటుంది. ఏమీ లేదని దాచకుండా చెప్పేది కథనం మొత్తంలో అదొక్కటే. ఎట్లాగో గ్రాఫు తెరుచుకుంటే, గీత మీద వేలు పెట్టగానే క్వింటా ధర ఎగిరి కనబడుతుంది. ఆ ధర తక్‌పట్టీ (అమ్మకం చీటీ) రూపంలో అప్పటికే అతని జేబులో ఉంటుంది.

నిజానికి ఈ జిల్లా ఇలాంటి కథనాన్ని తానే ఒకటి తయారుచేసింది. 2019 ఏప్రిల్ లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో పసుపు, ఎర్రజొన్నల ధర కోసం, పసుపు బోర్డు కోసం 178 మంది రైతులు నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి కనుక పోలింగ్ బూత్‌కు 12 యూనిట్లు పరిచారు. ఓటరు వేలు కాదు, కాళ్లు కదిపి చదవాల్సిన వరస అది. డిజైనరు లేడు, వయొలిన్ లేదు, అయినా దేశమంతా తిరిగి చూసింది. బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఇంటరాక్టివ్ కథనంలో అయితే ఆ ఐదేళ్ల తొమ్మిది నెలలు ఒక్క జరుపుడుతో అయిపోతాయి.